బోర్డు నిండింది

గడియారాలు బాగుచేసే ఆయనకి సొంత పేరు ఒకటుంది గానీ, కరెంటు బిల్లు మీద తప్ప దాన్ని ఎక్కడా వాడరు. కట్టుకున్న భార్యతో సహా అందరికీ ఆయన టైంగారే. బస్సు ఆలస్యమైతే జనం డ్రైవరు మీద కేకలెయ్యడం మానేసి ఈయన కొట్టు వంక చూసేవాళ్ళు, అది కూడా ఈయనే సరిచేస్తాడన్నట్టు. కంటికి అద్దం తగిలించుకుని, ఆవగింజలో సగం ఉన్న మరను పట్టకారుతో ఎత్తి, ఊపిరి బిగబట్టి దాని చోట్లో దాన్ని కూర్చోబెట్టే మనిషి. అలాంటివాడు లెక్క తప్పుతాడని ఎవరనుకుంటారు? పైగా ఆయన కొట్టు అడవి గేటుకి సరిగ్గా ఎదురుగా ఉంది. అందుకే గేటు తాళంచెవి, గేటు పక్కనున్న బోర్డు బాధ్యత రెండూ ఆయన చేతికి వచ్చాయి.

అడవి అంటే పులులు తిరిగే అడవి కాదు. పట్నం చివర, బస్సు డిపో గోడ దాటగానే మొదలై, రెండు గుట్టలు ఎక్కి దిగి ఊరుకునే అడవి. పొద్దున్నే పొట్ట తగ్గించుకోవడానికి నడిచేవాళ్ళు, సైకిళ్ళ మీద దూసుకుపోయేవాళ్ళు, సెలవు రోజున డబ్బాలూ దుప్పట్లూ మోసుకొచ్చే సంసారాలు, ఇంట్లో మాట్లాడుకునే వీల్లేక వచ్చే కొత్త జంటలు, అందరికీ అదే దిక్కు. కాగితాల మీద ప్రభుత్వానిది. ప్రభుత్వానికి మాత్రం దాని సంగతి గుర్తుండదు. అందరి సొత్తు కదా, ఎవరూ పట్టించుకోక సీసాలూ సంచులూ పేరుకుపోతున్న రోజుల్లో, పెద్ద టీచరూ ఆవిడ భర్త సర్వేయరూ కలిసి ఓ పాతికమందిని పోగేసి సంఘం పెట్టారు. చెత్త ఏరారు, బాటలు తీశారు, వాగు మీద చెక్క వంతెన వేశారు. బాట ఎక్కడ తిరగాలో, ఎక్కడ వాన నీళ్ళు పక్కకి పోవాలో ప్రతి అడుగూ సర్వేయరే కొలిచాడు.

బోర్డు ఆలోచన కూడా ఆయనదే. నలభై కొక్కేలు, కొక్కేనికో ఇత్తడి బిళ్ళ, బిళ్ళ మీద నెంబరు. లోపలికి వెళ్ళే మనిషి ఒక బిళ్ళ తీసి జేబులో వేసుకోవాలి. బయటికొచ్చాక దాన్ని తన కొక్కేనికే తగిలించాలి. సాయంత్రం బోర్డు నిండితేనే గేటుకి తాళం. ఒక్క కొక్కెం ఖాళీగా ఉన్నా తాళం వెయ్యకూడదు, వెతకడానికి వెళ్ళాలి. "పేర్లూ సంతకాలూ పెడితే ఇదో ఆఫీసైపోతుంది. మనిషి లోపలున్నాడా, బయటున్నాడా? మనకి అంతే కావాలి" అన్నాడు ఆ రోజుల్లో. అప్పుడాయన బుర్ర అంత చురుగ్గా ఉండేది. ఇప్పుడు నాలుగేళ్ళుగా ఆ బుర్రే కొంచెం కొంచెంగా జారిపోతోంది. కన్నకూతుర్ని అక్కా అంటాడు, చెయ్యి కడుక్కుని వచ్చి అన్నం పెట్టలేదేమని అడుగుతాడు. పెద్ద టీచరు ఆయన్ని కంటికి రెప్పలా చూసుకుంటుంది. విచిత్రమేమిటంటే అడవిలోకి తీసుకెళ్తే మాత్రం ఒక్క మలుపు కూడా తప్పడు.

ఇక జనం సంగతి. బిళ్ళ జేబులో వేసుకున్నవాళ్ళు వేసుకున్నట్టే ఇంటికి పోతారు. మొదటి ఏడాది టైంగారు రూలు తు.చ. తప్పకుండా పాటించాడు. ఒక బిళ్ళ తక్కువైందని టార్చి పట్టుకుని రెండు గుట్టలూ ఎక్కి దిగి, గొంతు పోయేలా అరిచి, ఇంటికి చేరి పడుకున్నాక తెలిసింది, ఆ బిళ్ళ మందుల షాపాయన ప్యాంటు జేబులో బట్టలతోపాటు నానుతోందని. ఇలా మూడుసార్లు జరిగింది. నాలుగోసారి వాన. మోకాళ్ళు పట్టేశాయి. ఆ వారమే ఆయన కొట్లో కూర్చుని, ఇత్తడి రేకు కోసి, నునుపు పెట్టి, నెంబర్లు చెక్కి, నలభై బిళ్ళలు తయారుచేశాడు. అసలు బిళ్ళల పక్కన పెడితే చేసినవాడికి తప్ప తేడా తెలియదు.

వాటిని ఒక గడియారాల పెట్టెలో పెట్టి గేటు పక్క గదిలో దాచాడు. బిళ్ళ తక్కువైన రోజున అరగంట చూసేవాడు, పెట్టెలోంచి ఆ నెంబరు తీసి తగిలించేవాడు, తాళం వేసి ఇంటికెళ్ళేవాడు. అసలుది మర్నాడో మూణ్ణాళ్ళకో వచ్చేది, తనది తీసి మళ్ళీ పెట్టెలో పెట్టేవాడు. మూడేళ్ళలో ఎన్నిసార్లో లెక్కలేదు. ఏమీ కాలేదు. సంఘం మీటింగులో పెద్ద టీచరు "టైంగారి చేతిలో పెట్టాక బోర్డు నిండని రోజే లేదు, క్రమశిక్షణంటే అదీ" అంటే అందరూ చప్పట్లు కొట్టారు. ఆయన తల వంచుకుని అద్దాలు తుడుచుకున్నాడు. అది మోసమని ఆయనకి నిజంగానే అనిపించలేదు. అరిగిపోయిన పళ్ళచక్రం తీసి కొత్తది వేస్తే గడియారం నడుస్తుంది కదా, ఇదీ అంతే అనుకున్నాడు.

ఇప్పుడు చెప్పబోయేది నిప్పు పెట్టే రోజు సంగతి.

ఏటా ఎండలు ముదరక ముందే తూర్పు వాలు మీద ఎండిన గడ్డిని సంఘమే తగలబెడుతుంది. మన చేత్తో మనం కొంత కాల్చుకుంటే, రేపు నడి వేసవిలో దానంతటది అంటుకున్నప్పుడు తినడానికి దానికేమీ మిగలదు. ఫారెస్టు ఆఫీసు నుంచి కాగితం తెచ్చుకుంటారు, చుట్టూ గడ్డి చెక్కేసి మట్టి గీత తీస్తారు, ఇరవై మంది తడి గోనెలతో గీత వెంట నిలబడతారు. వాళ్ళు గుట్ట వెనక బండి దారిన నీళ్ళ ట్యాంకరు వెంట వెళ్తారు కాబట్టి వాళ్ళకి బిళ్ళలు లేవు. ఆ రోజు నడిచేవాళ్ళకి పన్నెండు వరకే అనుమతి. బోర్డు నిండిందని గేటు దగ్గర్నుంచి కబురొస్తేనే పెద్ద టీచరు అగ్గిపుల్ల గీస్తుంది.

పన్నెండుకి మూడు కొక్కేలు ఖాళీగా ఉన్నాయి. పన్నెండుంబావుకి ఒక జంట చెమటలు కక్కుతూ వచ్చి రెండు బిళ్ళలు తగిలించి వెళ్ళింది. మిగిలింది ఇరవై రెండు. టైంగారు నవ్వుకున్నాడు. ఇరవై రెండంటే పోస్ట్‌మ్యాన్‌ది. ఆ బిళ్ళ మీద అతని పేరేమీ రాసిలేదు గానీ, ఎప్పుడూ అదే తీసుకుంటాడు, ఎప్పుడూ అదే మర్చిపోతాడు. తను చూడనప్పుడు వచ్చి ఉంటాడు. ఫోన్ చేశాడు. మోగింది, తియ్యలేదు. "తియ్యడు, తీస్తే తిడతానని తెలుసు" అనుకున్నాడు. అరగంట చూశాడు. ఆకలేస్తోంది. పెట్టెలోంచి ఇరవై రెండు తీసి కొక్కేనికి తగిలించి, గేటు చేరవేసి, గదిలోకెళ్ళి క్యారేజీ విప్పాడు.

ఒంటిగంట దాటాక ఫోన్ మోగింది.

"బోర్డేమంటోంది టైంగారూ?" పెద్ద టీచరు గొంతు. వెనక ట్యాంకరు మోటారు చప్పుడు.

"నిండిందమ్మా."

"ఇంకోసారి చూసి చెప్తారా?"

కిటికీలోంచి తొంగి చూశాడు. నలభై బిళ్ళలూ ఎండకి మెరుస్తున్నాయి. "నలభైకి నలభై."

"మీరన్నాక తిరుగేముంది. మూడింటికి గాలి మళ్ళుతుందట, ఈలోగా కానిచ్చేస్తాం."

పది నిమిషాలకి గుట్ట వెనక నుంచి పొగ లేచింది. ముందు తెల్లగా, తర్వాత పసుపుగా. టైంగారు చెయ్యి కడుక్కుని బయటికొచ్చి బల్ల మీద కూర్చున్నాడు. అప్పుడే పోస్ట్‌మ్యాన్ సైకిలు దిగాడు, భుజాన సంచీతో.

"రా నాయనా రా, నీ కోసమే చూస్తున్నా. తియ్యి నా బిళ్ళ."

"ఏం బిళ్ళ బాబాయ్?"

"ఏం బిళ్ళా? ఇరవై రెండు. పొద్దున తీసుకెళ్ళి జేబులో వేసుకు తిరుగుతున్నావు గదా."

"నేనివాళ రాలేదు బాబాయ్. పొద్దున ఆరింటి నుంచీ ఉత్తరాలు విడదీస్తూనే ఉన్నా. అందుకే నీ ఫోన్ కూడా తియ్యలేదు. నిప్పు చూద్దామని ఇటొచ్చా." బోర్డు వంక చూశాడు. "అయినా ఇరవై రెండు అక్కడే ఉందిగా?"

టైంగారి అరికాళ్ళు చల్లబడిపోయాయి. నడి ఎండలో, చెప్పుల్లో, మంచు మీద నిలబడ్డట్టు. "అవునవును, పొరబడ్డాను" అన్నాడు. ఆ మాట తన నోట్లోంచే వచ్చిందని ఆయనకి ఆలస్యంగా తెలిసింది.

పోస్ట్‌మ్యాన్ కాకపోతే ఎవరు? పొద్దున్నుంచీ వచ్చినవాళ్ళందరినీ వేళ్ళ మీద తలుచుకున్నాడు. వెళ్ళినవాళ్ళు వచ్చారు, వచ్చినవాళ్ళు తగిలించారు. పదకొండు ప్రాంతంలో ఎవరో ఆవిడ గోడ గడియారం తెస్తే రోడ్డు దాటి కొట్టుకెళ్ళాడు. పది నిమిషాలు. ఆ పది నిమిషాల్లో గేటు దగ్గర ఎవరూ లేరు. అప్పుడు ఎవరో వచ్చారు, బుద్ధిగా బిళ్ళ తీసుకున్నారు, లోపలికెళ్ళారు. ఇంకా రాలేదు. లోపల నిప్పు పెట్టారు.

చెయ్యాల్సిన పని ఒక్కటే. ఫోన్ తీసి, ఆపండి, లోపల మనిషి ఉండొచ్చు, అనాలి. నాలుగు మాటలు. కానీ వాటి వెనకే ఎదుటివాళ్ళ మాట వస్తుంది: మరి నలభైకి నలభై అన్నారుగా? దానికేం చెప్పాలి? మూడేళ్ళ చప్పట్లు ఆయన చెవుల్లో మోగాయి. దొంగకి తేలు కుట్టినట్టు నిలబడ్డాడు. పోనీ ఎవరో నిజంగానే మర్చిపోయి ఇంటికి పట్టుకెళ్ళారేమో. ఎప్పుడూ జరిగేది అదే కదా. ఇవాళ మాత్రం ఎందుకు కాకూడదు? కనుక్కుంటే పోలా?

మందుల షాపాయనకి చేశాడు. "ఏదో ఒక్కసారి పొరపాటైతే, నే ప్యాంటు వేసుకున్నప్పుడల్లా అడుగుతావేంటి బావా!" అని ఆయన పెట్టేశాడు. పాల బూతు ఆవిడకి చేశాడు. తను వారంగా రావట్లేదంది. దర్జీకి చేశాడు. వాళ్ళింట్లో ఎవరో తీసి, పడుకున్నారు, లేపమంటారా అని అడిగారు. వద్దన్నాడు. తర్వాతి నెంబరు రెండుసార్లు తప్పు నొక్కాడు. ఆవగింజలో సగమున్న మరని పట్టుకునే వేళ్ళవి.

పొగ ఇప్పుడు గుట్ట నెత్తి దాటి ఇటువైపు వంగుతోంది. చిటపటలు గేటు దాకా వినిపిస్తున్నాయి. పిట్టలు గుంపులుగా రోడ్డు మీంచి అవతలికి పోతున్నాయి. ఒక ఉడత గేటు కింద నుంచి దూరి, ఆయన పాదాల పక్క నుంచే పరిగెత్తింది, మనిషున్నాడన్న భయం కూడా లేకుండా. అయినా ఫోన్ చెయ్యలేదు. ఒంటిగంటా ఇరవై నుంచి ఒంటిగంటా ముప్పై ఒకటి దాకా, పదకొండు నిమిషాలు, ఆయన చెయ్యలేదు. ఆ పదకొండు నిమిషాల గురించి తర్వాత ఆయన్ని ఎవరూ అడగలేదు. తనను తను ప్రశ్నించుకోవడం మాత్రం ఈ జన్మకి మానలేడు.

అప్పుడు ఫోన్ దానంతటదే మోగింది. పెద్ద టీచరు కూతురు.

"బాబాయ్, నాన్న అటేమైనా వచ్చారా? గదిలో పడుకున్నారనుకున్నా. తలుపు వేసుంది. ఇప్పుడు తీసి చూస్తే పక్క మీద దిండ్లే ఉన్నాయి. అమ్మకి చేస్తుంటే తియ్యట్లేదు. వాకిట్లో నడిచే చెప్పులు లేవు. బాబాయ్? వినపడుతోందా?"

టైంగారి పై ప్రాణాలు పైనే పోయాయి. అంతా ఒక్కసారే కళ్ళకి కట్టింది. అన్నీ మరిచిపోయిన ఆ మనిషి వచ్చి, బోర్డు ముందు నిలబడి, చెయ్యి చాచి, బిళ్ళ తీసుకుని జేబులో వేసుకోవడం. అదొక్కటీ ఆయన మరిచిపోలేదు.

పెద్ద టీచరుకి చేశాడు. మోగి మోగి ఆగింది. నిప్పు దగ్గర ఆవిడ ఫోన్ ట్యాంకరు సీటు మీద పడేస్తుంది, చేతులు తడి కదా. గదిలో మేకుకి ఉక్కు ఈల వేలాడుతోంది. మూడు పొడుగు ఊదులంటే పని ఆపమని. ఊపిరితిత్తులు పగిలేలా ఊదాడు. ఆ చిటపటల్లో ఎవరికి వినపడుతుంది? గేటు తోసుకుని పరిగెత్తాడు. "ఏమైంది బాబాయ్?" అంటూ పోస్ట్‌మ్యాన్ సంచీ అక్కడే పారేసి వెనకాలే వచ్చాడు.

బాట గుట్ట మీదికి ఎక్కుతుంది. అరవై ఏళ్ళ మోకాళ్ళు ఎక్కడం మర్చిపోయాయి. పడ్డాడు, లేచాడు, ఊదాడు, మళ్ళీ పరిగెత్తాడు. పొగ కళ్ళల్లో కారంలా పడుతోంది. గుట్ట నెత్తికి చేరేసరికి కింద తూర్పు వాలంతా కనిపించింది. మంట ఒక పొడుగాటి ఎర్ర గీతలా, తొందరేమీ లేనట్టు, వాగు వైపు దిగుతోంది. గీతకి ఇవతల నలుపు, అవతల ఎండు గడ్డి. ఆ గడ్డిలో ఎక్కడో మనిషున్నాడు.

"ఆపండి! లోపల మనిషి!"

గోనెలు పట్టుకున్నవాళ్ళు తలలు తిప్పారు. పెద్ద టీచరు మసి మొహంతో ఎదురొచ్చింది. "బోర్డు నిండిందన్నారు!"

"లెక్క... లెక్క తప్పానమ్మా." ఆ గడియలో కూడా ఆయన నోటికి సగం అబద్ధమే వచ్చింది.

"మీరా? లెక్క తప్పారా?" ఆవిడకి కోపం కంటే ఆశ్చర్యమే ఎక్కువైంది. "ఎవరు లోపల? తెలుసా?"

"సర్వేయరు గారు."

ఆవిడ అరవలేదు, కూలబడలేదు. చేతిలోని తడి గోనె మాత్రం జారి కాళ్ళ మీద పడింది. ముప్పై ఏళ్ళు బడి నడిపిన గొంతుతో, "ట్యాంకరు కిందికి తిప్పండి. మంట మొత్తం ఆపలేం. వంతెన దారికెదురుగా ఒక్క చోట తలుపంత సందు చెయ్యండి. ఇరవై మందీ అక్కడే కొట్టండి" అంది. తర్వాత మట్టి గీత దగ్గరికి నడిచి, చేతులు నోటికి అడ్డం పెట్టుకుని, "ఏమండీ!" అని పిలిచింది.

పెళ్ళయిన నాటి నుంచీ ఆవిడ ఆయన్ని పిలిచే పిలుపు అదే. ఊళ్ళో సగం మంది భర్తలకి అదే పేరు. "ఏమండీ! ఏవండోయ్!" మంట చప్పుడు తప్ప ఏమీ లేదు. గొంతు జీరబోయింది. మళ్ళీ పిలిచింది. గోనెలతో కొడుతున్నవాళ్ళు కూడా వినడానికి ఒక్క క్షణం ఆగారు. అప్పుడు, కింద పొగలో నుంచి, పక్క గదిలో పేపరు చదువుకుంటున్న మనిషి పలికినట్టు, విసుగ్గా, "ఆఁ, వస్తున్నా" అని వినిపించింది.

తర్వాత దగ్గు. దగ్గు తర్వాత ఏమీ లేదు.

సందు ఇంకా సరిగ్గా తెరుచుకోలేదు. టైంగారు ఒక తడి గోనె తల మీద కప్పుకుని అందులోంచే దూరాడు. అది ధైర్యమని ఎవరైనా అంటే నమ్మకండి. వెనక నిలబడి ఆవిడ మొహం చూడటం కంటే నిప్పులోకి పోవడం ఆయనకి తేలికైంది, అంతే. కాళ్ళ కింద నేల పెనంలా ఉంది. పోస్ట్‌మ్యాన్ ఆయన చొక్కా పట్టుకుని వెనకే వచ్చాడు. పొగలో చెయ్యి చాస్తే చెయ్యి కనపడదు. "సర్వేయరు గారూ! అన్నయ్యా!" అని అరిస్తే నోట్లోకి బూడిదే వచ్చింది. ఇక లేడు, ఇక అయిపోయింది, నేనే చంపేశాను, నేనే చంపేశాను అని లోపల ఎవరో ఆగకుండా అంటున్నారు. కాలికి చెక్క తగిలింది. వంతెన.

ఆయన వంతెన చివర బాసింపట్టు వేసుకుని కూర్చుని ఉన్నాడు. కనుబొమలు కాలిపోయాయి, ఒక చొక్కా చెయ్యి భుజం దాకా లేదు, ఆ చెయ్యి ఎర్రగా ఉబ్బింది. ఇరవై అడుగుల్లో గడ్డి మండుతోంది. "మీరెవరు?" అని అడిగాడు, దగ్గుతూనే. ఇద్దరూ చెరో రెక్కా పట్టి లేపారు. కుడి చేతి పిడికిలి మాత్రం విప్పనివ్వలేదు.

గేటు దగ్గర బల్ల మీద కూర్చోబెట్టి నీళ్ళు తాగించేసరికి అంబులెన్సు బయల్దేరిందని ఫోనొచ్చింది. మంట మట్టి గీత దగ్గర ఆగి తనంతట తను చచ్చిపోతోంది. గోనెల వాళ్ళంతా నల్లటి మొహాలతో చుట్టూ మూగారు. ఎవరో "గండం గడిచింది" అన్నారు. ఎవరో ఏడ్చారు. పెద్ద టీచరు ఆయన కాలిన చెయ్యి మీద తడి గుడ్డ వేసి, పక్కనే కూర్చుని, ఆయన వీపు రాస్తోంది. టైంగారు గోడకి ఆనుకుని నిలబడ్డాడు. బతికాడు, బతికాడు అన్నదొక్కటే బుర్రలో తిరుగుతోంది. చెయ్యి నయమవుతుంది. లెక్క తప్పానని చెప్పాడు, అంతటితో సరిపోతుంది. మనిషన్నాక పొరపాటు చెయ్యడా? ముసలితనం అంటారు, క్షమిస్తారు. ఊపిరి కొంచెం ఆడింది.

సర్వేయరు లేచాడు. భార్య ఆపబోతే చెయ్యి విదిలించుకుని, తూలుతూ, బోర్డు దగ్గరికి నడిచాడు. పిడికిలి విప్పాడు. ఇత్తడి బిళ్ళ. ఇరవై రెండు. కొక్కేనికి తగిలించబోయి ఆగిపోయాడు. అక్కడ ఇంకో ఇరవై రెండు ఉంది.

"ఇందాకా ఇంతే" అన్నాడు, ఎవరితోనో ఫిర్యాదు చేస్తున్నట్టు. "ఇందాక వచ్చాను. చోటు లేదు."

"ఇందాకంటే ఎప్పుడండీ?" పెద్ద టీచరు లేచి వచ్చింది.

"ఇందాకే. వచ్చాను కదా. నా చోట్లో ఎవరో తగిలించేశారు. బిళ్ళ పెట్టకుండా బయటికి పోకూడదు." పిల్లాడికి పాఠం చెప్పినట్టు ఓపిగ్గా చెప్పాడు. "రూలు. పెట్టడానికి లేదు. అందుకని మళ్ళీ లోపలికెళ్ళి కూర్చున్నా."

టైంగారి కళ్ళ ముందు క్యారేజీ కదిలింది. తను గదిలో వీపు ఇటు పెట్టి తింటున్నప్పుడు, ఈ మనిషి క్షేమంగా నడిచి గేటు దాకా వచ్చాడు. కొక్కెం ఖాళీగా ఉంటే చాలు, తగిలించి ఇంటికెళ్ళేవాడు. ఆయన్ని నిప్పులోకి పంపింది మతిమరుపు కాదు. తను నునుపు పెట్టి చెక్కిన ఇత్తడి ముక్క.

పెద్ద టీచరు కొక్కేనికున్న బిళ్ళ తీసింది. భర్త చేతిలోనిది తీసుకుంది. రెండూ పక్కపక్కనే పెట్టుకుని చూసింది. అలాంటి పని చెయ్యగల చెయ్యి ఊళ్ళో ఒక్కటే ఉందని అందరికీ తెలుసు. ఆవిడ తల ఎత్తకుండానే అడిగింది.

"ఇలాంటివి ఎన్ని చేశారు?"

టైంగారు గదిలోకెళ్ళి పెట్టె తెచ్చి ఆవిడ చేతికిచ్చాడు. ముఖమల్ గుడ్డలో నలభై గుంటలు, బిళ్ళకో గుంట. "బిళ్ళలు ఇళ్ళకి పట్టుకుపోతుంటే..." అని మొదలుపెట్టాడు. "మోకాళ్ళు..." అన్నాడు. "మర్నాడు అసలువి వచ్చేస్తాయమ్మా, ఎప్పుడూ వచ్చేస్తాయి" అన్నాడు. ఆవిడ వింటోందో లేదో తెలియలేదు. వేలితో గుంటలు తడుముతోంది, బడిలో హాజరు వేస్తున్నట్టు, ఒకటీ రెండూ మూడూ అనుకుంటూ.

వేలు ఒక చోట ఆగింది.

"ఇరవై రెండు ఇదుగో నా చేతిలో ఉంది. తొమ్మిదేది?"

టైంగారు బోర్డు వంక చూశాడు. అందరూ చూశారు. తొమ్మిదో కొక్కేనికి బిళ్ళ వేలాడుతోంది, చేసినవాడి కంటికి మాత్రం మిగతా వాటికంటే కాస్త కొత్తగా.

"అది మీరు చేసిందేనా?"

"అవునమ్మా."

"ఎప్పట్నుంచి ఉంది అక్కడ?"

"పోయిన వానాకాలం నుంచి." "అసలుది రాలేదు. ఎవరో పారేసుకుని ఉంటారని..."

"ఎవరో అంటే ఎవరు?"

ఆయనకి తెలియదు. ఆ సాయంత్రం ముసురు పట్టి ఉందని, అరగంట చూశాడని, ఆరున్నర కొట్టగానే తాళం వేశాడని మాత్రమే తెలుసు. ఆ నిమిషం కూడా గుర్తుంది. మనిషి గుర్తులేడు.

అంబులెన్సు వచ్చి ఆగింది. పెద్ద టీచరు భర్తని ఎక్కించింది. తనూ ఎక్కబోయి వెనక్కి తిరిగి చెయ్యి చాచింది. టైంగారు మొలలోంచి తాళంచెవి తీసి ఆ చేతిలో పెట్టాడు. ఆవిడ దాన్ని పోస్ట్‌మ్యాన్‌కి అందించింది.

"ఆ తొమ్మిది తీసెయ్యి నాయనా" అంది. "గేటుకి తాళం వెయ్యకు."